టెస్టోస్టెరాన్ 342 ఉంటే కండ పట్టదా, పొట్ట కరగదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 27, బరువు 78 కేజీలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. రెండేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నా చేతులు పెరగలేదు, పొట్ట తగ్గలేదు. ట్రైనర్ చెప్పాడని టెస్టులు చేయించుకుంటే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 342 వచ్చింది. "హార్మోన్ తక్కువ, అందుకే బాడీ రావట్లేదు, పన్నెండు వారాల సైకిల్ ఒకటి వేసుకుంటే సెట్ అయిపోతుంది" అన్నాడాయన. సైకిల్ అంటే కొన్ని వారాలపాటు టెస్టోస్టెరాన్ లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేసుకోవడం. దాంతోపాటు రాత్రి అన్నం మానేస్తే ఇన్సులిన్ తగ్గి కొవ్వు కరుగుతుందా, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ని తగ్గించే మాత్రలు వాడొచ్చా, థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 4.9 రావడం వల్లే బరువు తగ్గట్లేదా అనీ అడిగారు.

సూటిగా చెప్తాను. మీ కండని ఆపుతున్నది ఆ 342 కాదు. పొట్టకి కారణమూ అది కాదు. సైకిల్ వేసుకుంటే కండ పెరుగుతుందా అంటే పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని మీరే రాశారు కాబట్టి దాని ఖరీదేమిటో కింద వివరంగా రాస్తాను. హార్మోన్లు మామూలు పరిధిలో ఉన్నంతవరకూ అవి మీ శరీరాన్ని నడిపించేదానికన్నా, మీ తిండీ నిద్రా బరువూ వాటిని నడిపించేదే ఎక్కువ.

నేను విజయవాడలో ఎండోక్రైనాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టర్ని. మెడికల్ కాలేజీ రోజుల నుంచి జిమ్ అలవాటు ఉంది కాబట్టి ఈ రెండు లోకాల మాటలూ వింటూ ఉంటాను. ఈమధ్య క్లినిక్‌కి మీలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చే కుర్రాళ్లు బాగా పెరిగారు.

ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం. మీరు పెట్టిన ఫొటోలో పై వరసలో శాంపిల్ తీసిన టైము సాయంత్రం 6:10 అని ఉంది. ఆఫీసు అయ్యాక, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ బిస్కట్లు అన్నీ అయ్యాక ఇచ్చిన రక్తం అది. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, మీ వయసులో ఈ తేడా ఇంకా ఎక్కువ. పైగా 75 గ్రాముల గ్లూకోజు తాగించి చూసిన ఒక అధ్యయనంలో మగవాళ్ల టెస్టోస్టెరాన్ సగటున పాతిక శాతం పడిపోయింది. అందుకే ఈ పరీక్ష పొద్దున 7 నుంచి 10 లోపు, పరగడుపున చేయాలి. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేయాలి. ఒక్క సాయంత్రపు శాంపిల్ చూసి "లో టెస్టోస్టెరాన్" అని ఏ డాక్టరూ ముద్ర వేయకూడదు, ట్రైనర్ అసలే వేయకూడదు.

ఇంకో సంగతి. మీరు వాడే వాటి జాబితాలో జుట్టు కోసం బయోటిన్ అని ఉంది. కొన్ని ల్యాబ్ మెషీన్లలో బయోటిన్ వల్ల అంకెలు తారుమారవుతాయి. టీఎస్‌హెచ్ అసలుకన్నా తక్కువగా, టెస్టోస్టెరాన్ అసలుకన్నా ఎక్కువగా కనిపించవచ్చు. కాబట్టి నిజం చెప్పాలంటే ఆ రిపోర్టులో రెండంకెల్నీ నేను పట్టించుకోను. పరీక్షకి రెండుమూడు రోజుల ముందు దాన్ని ఆపేయండి.

సరే, పొద్దున చేసినా 342 అనే వచ్చిందనుకుందాం. 19 నుంచి 39 ఏళ్ల మధ్య, ఊబకాయం లేని ఆరోగ్యవంతులైన మగవాళ్లని తీసుకుని 2017లో లెక్కకట్టిన పరిధి డెసిలీటరుకి 264 నుంచి 916 నానోగ్రాములు. మీరు అందులోనే ఉన్నారు, కాకపోతే కింది వైపున. అలా ఉండడానికి మీ విషయంలో నాకు కనిపించే మొదటి అనుమానం మీ పొట్టే. పొట్ట చుట్టూ కొవ్వు చేరి ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు రక్తంలో టెస్టోస్టెరాన్‌ని మోసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గుతుంది. అది తగ్గితే మొత్తం అంకె చిన్నదిగా కనిపిస్తుంది, కణాలకి అందే ఫ్రీ టెస్టోస్టెరాన్ మాత్రం బాగానే ఉండవచ్చు. పైగా కొవ్వు కణాలు కొంత టెస్టోస్టెరాన్‌ని ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌గా మార్చేస్తాయి. అంటే హార్మోన్ తక్కువై పొట్ట వచ్చిందని మీరనుకుంటున్నారు. నేను రోజూ చూసే కేసుల్లో చాలావరకు పొట్ట వచ్చి హార్మోన్ తగ్గింది. పది కేజీలు తగ్గి వచ్చిన వాళ్ల రిపోర్టులో ఏ మందూ లేకుండానే ఆ అంకె పైకి వెళ్లడం మాకు మామూలే.

మరి సైకిల్ వేస్తే కండ ఎందుకు పెరుగుతుంది? అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది.

1996లో అమెరికాలో షలేందర్ భసీన్ అనే డాక్టరు బృందం 43 మంది మగవాళ్లని నాలుగు గుంపులు చేసి పది వారాల ప్రయోగం చేసింది. కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్. ప్రతి దాంట్లో సగం మంది వెయిట్స్ ఎత్తారు, సగం మంది ఎత్తలేదు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకుని వ్యాయామం చేసినవాళ్లకి కొవ్వు కాని బరువు సుమారు 2 కేజీలు పెరిగింది. అసలు ఇంజెక్షన్ తీసుకుని ఏమీ ఎత్తకుండా కూర్చున్నవాళ్లకి 3.2 కేజీలు. రెండూ చేసినవాళ్లకి 6.1 కేజీలు. కూర్చున్నవాడికి, ఎత్తినవాడికన్నా ఎక్కువ వచ్చిందన్నమాట. కొవ్వు కాని బరువంటే అంతా కండే కాదు, నీరు కూడా అందులో ఉంటుంది. అయినా ఫలితం ఫలితమే, మందు పనిచేస్తుంది.

కానీ అంకెలు చూడండి. మగవాడి శరీరం సొంతంగా తయారుచేసుకునేది రోజుకి ఐదారు మిల్లీగ్రాములు, అంటే వారానికి నలభై దాటితే గొప్ప. వాళ్లకి ఎక్కించింది దానికి పదింతల పైనే. రక్తంలో మోతాదు మూడు వేల చుట్టుపక్కలకి చేరింది. మూడు వేల దగ్గర జరిగేది చూపించి, 342కీ 550కీ మధ్య కూడా అంతే తేడా ఉంటుందని మీ ట్రైనర్ చెప్తున్నాడు. అలా ఉండదు. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో స్టువర్ట్ ఫిలిప్స్ బృందం, అప్పటికే వెయిట్స్ అలవాటున్న 49 మంది కుర్రాళ్లని పన్నెండు వారాలు గమనించింది. ఎవరికి కండ ఎంత పెరిగిందన్నదానికీ వాళ్ల రక్తంలోని హార్మోన్లకీ సంబంధం కనబడలేదు. పూర్తిగా పడిపోయినప్పుడు, వందకో నూట యాభైకో, కండ తగ్గి కొవ్వు పెరగడం ఖాయం. ఆ రెండు చివరలకీ మధ్య ఉన్నవాళ్లలో మాత్రం ప్లేటూ బార్‌బెల్లూ ముందొస్తాయి.

అదే బృందం 2010లో చేసిన ఇంకో ప్రయోగం నాకు చాలా ఇష్టం. లెగ్ డే నాడు ప్రతి జిమ్‌లో వినిపించే మాట ఒకటుంది కదా, "స్క్వాట్లు కొడితే టెస్టోస్టెరాన్, గ్రోత్ హార్మోన్ పెరిగి చేతులు కూడా పెరుగుతాయి" అని. వాళ్లు పన్నెండు మంది చేత ఒక చేతికి బైసెప్స్ మాత్రమే చేయించారు. ఇంకో రోజు రెండో చేతికి అదే బైసెప్స్ చేయించి, వెంటనే కాళ్లకి గట్టి వ్యాయామం చేయించారు, హార్మోన్లు ఎగిసిపడేలా. పదిహేను వారాల తర్వాత కొలిస్తే రెండు చేతులూ ఒకేలా పెరిగాయి. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే నిద్ర, కాబట్టి వంక పెట్టడానికి లేదు. వ్యాయామం తర్వాత పావుగంటో అరగంటో ఎగిరే హార్మోన్లు కండ పెంచవు. ఏ కండ మీద బరువు పడిందో ఆ కండలోపలే పెరుగుదల సిగ్నల్ పుడుతుంది. స్క్వాట్లు కాళ్ల కోసం కొట్టండి.

ఇప్పుడు సైకిల్ ఖరీదు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ లోపలికి రాగానే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండితే మోటారు ఆపేసినట్టు, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లని ఆపేస్తుంది. అవి ఆగితే వృషణాలు పని మానేస్తాయి. వీర్యకణాలు తయారవవు.

కొన్నేళ్ల కిందట గుంటూరు వైపు నుంచి ఒక జంట వచ్చారు, పిల్లల్లేరని. అప్పటికే అమ్మాయికి స్కానింగులు, ట్యూబుల టెస్టు, రెండు ఊళ్లలో మందులు అన్నీ అయిపోయాయి. లావుపాటి ఫైలు అత్తగారి చేతిలో ఉంది. అబ్బాయికి వీర్య పరీక్ష ఒక్కసారి కూడా చేయించలేదు. చొక్కా చేతులు బిగిసిపోయేలా ఉన్నాడు మనిషి. "వాడికేం డాక్టరుగారూ, చూడండి ఎలా ఉన్నాడో" అందావిడ. పరీక్ష చేయిస్తే కౌంటు సున్నా. ఎల్‌హెచ్ మెషీన్ కొలవలేనంత తక్కువ, హీమోగ్లోబిన్ 18 పైన, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ ఇరవై కూడా లేదు. ఆ నాలుగూ ఒకే కాగితం మీద కనిపిస్తే మాకు ఇంకేమీ అడగక్కర్లేదు. మిగతావాళ్లని బయట కూర్చోమని తలుపు వేశాక చెప్పాడు, పెళ్లికి ముందు మొదలుపెట్టి ఆపకుండా సైకిల్ మీద సైకిల్ వేస్తున్నానని. ఇంజెక్షన్లు మాన్పించి మందులు పెడితే కౌంటు లేవడానికి ఏడాది దాటింది. మధ్యలో కొన్ని నెలలు మనిషి నీరసం, చిరాకు, కోరికలు లేకపోవడం, కండ కళ్లముందే కరిగిపోవడం. ఇతనికి తిరిగొచ్చింది, అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పగలిగే పరీక్ష లేదు.

రొమ్ములు పెరగడం, మొటిమలు, రక్తం చిక్కబడడం, నోటి మాత్రలతో లివర్ దెబ్బతినడం ఇవన్నీ మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు. నేను కలిపేది ఒక్కటే. ఆ సీసాల మీద ఉన్న పేరు లోపల ఉంటుందన్న గ్యారంటీ లేదు. ప్రిస్క్రిప్షన్ లేకుండా, బిల్లు లేకుండా చేతులు మారే సరుకు అది.

ఇన్సులిన్, రాత్రి అన్నం. ఇన్సులిన్ పెరిగినంతసేపూ కొవ్వు కణాల నుంచి కొవ్వు బయటికి రావడం తగ్గుతుంది, ఇది నిజం. దీన్ని పట్టుకుని "ఇన్సులిన్ పెంచేదేదీ ముట్టకూడదు" అనే దాకా వెళ్లారు జనం. మీరు నమ్మకంగా తాగే వే ప్రొటీన్ కూడా ఇన్సులిన్‌ని బాగానే పెంచుతుంది మరి. రోజు మొత్తం మీద తిన్నది ఖర్చుకన్నా తక్కువైతే, భోజనాల మధ్య గంటల్లో, నిద్రలో, దాచుకున్నదాని కన్నా తీసింది ఎక్కువవుతుంది. అన్నం రాత్రి తిన్నారా మధ్యాహ్నం తిన్నారా అన్నది చిన్న విషయం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది రాత్రి అన్నం మానేసి మూడు చపాతీలు, నూనె తేలే బంగాళాదుంప కూర తింటున్నారు, అన్నం కన్నా క్యాలరీలు తగ్గిందేమీ లేదు. కండ విషయంలో ఇన్సులిన్ మీకు శత్రువు కూడా కాదు, కండ అరిగిపోవడాన్ని అది తగ్గిస్తుంది. అలాగని పోటీలకి వెళ్లేవాళ్లలో కొందరు ఇన్సులిన్ ఇంజెక్షన్లు వేసుకుంటారని విని ఆ పని చేయకండి. షుగర్ పడిపోయి నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

కార్టిసాల్. వ్యాయామంలో కార్టిసాల్ పెరగడం మామూలు, శరీరం ఇంధనం సర్దుకోవడం అది. నిజంగా కార్టిసాల్ ఎక్కువైన జబ్బులో కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట ముందుకొస్తుంది, పొట్ట మీద ఊదారంగు చారలు పడతాయి, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. నేను చూసే ఇలాంటి కేసుల్లో ఎక్కువ శాతం లోపలి నుంచి వచ్చినవి కావు, సన్నగా ఉన్నానని ఊళ్లో ఎవరినో అడిగి తెచ్చుకున్న "ఒళ్లు చేసే" మాత్రలవి. వాటిలో తరచూ కార్టిసాల్‌లా పనిచేసే డెక్సామెథాసోన్ అనే మందు ఉంటుంది. బుగ్గలు నిండుతాయి, కండ మాత్రం లోపల అరిగిపోతుంది. జిమ్ ఇంజెక్షన్‌నీ దీన్నీ కలిపి అందరూ స్టెరాయిడ్ అనే అంటారు కానీ ఒకటి కండ కడితే ఇంకొకటి కూలుస్తుంది. ఇక కార్టిసాల్ తగ్గించేవంటూ అమ్మే పౌడర్లు మీకు అక్కర్లేదు. అశ్వగంధ మీద చిన్న అధ్యయనాల్లో కొంత లాభం కనిపించింది. అరుదుగా లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. నేనైతే రాయను. పల్లేరు కాయల సారంతో చేసే టెస్ట్ బూస్టర్లు మగవాళ్లలో టెస్టోస్టెరాన్‌ని పెంచవు, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. మీల్ మేకర్ తింటే మగతనం తగ్గుతుందన్నదీ వట్టి మాటే.

గ్రోత్ హార్మోన్ గురించి ఎక్కువ రాయను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తీసుకుంటే కొవ్వు కాని బరువు పెరుగుతుంది, అందులో చాలా భాగం నీరే, బలం పెరిగిన ఆధారం లేదు. ఖరీదు మాత్రం భయంకరం.

థైరాయిడ్ 4.9. అది స్వల్పంగా ఎక్కువ, అంతే. థైరాయిడ్ పూర్తిగా మందగించినవాళ్లలో కూడా దానివల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కేజీలు, అదీ చాలావరకు ఉప్పూ నీరూ. బయోటిన్ ఆపి ఆరెనిమిది వారాల్లో యాంటీ టీపీఓ అనే థైరాయిడ్ యాంటీబాడీల పరీక్షతో కలిపి మళ్లీ చేయించండి. కటింగ్ కోసం, అంటే కొవ్వు కరిగించి కండ తేలేలా చేసుకోవడానికి, థైరాయిడ్ మాత్రలు మింగేవాళ్లు ఉన్నారు. కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, గుండె లయ తప్పవచ్చు.

హార్మోన్లు తిండికి ఎలా లొంగుతాయో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2013లో అచ్చయిన ఒక కేసులో, మందులు వాడని ఒక బాడీబిల్డర్‌ని పోటీకి ముందు ఆరు నెలలు, తర్వాత ఆరు నెలలు గమనించారు. శరీరంలో కొవ్వు 14.8 శాతం నుంచి 4.5కి దిగింది. టెస్టోస్టెరాన్ 922 నుంచి 227కి పడిపోయింది. గుండె వేగం నిమిషానికి 27 దాకా తగ్గింది. పోటీ అయ్యి మామూలుగా తినడం మొదలుపెట్టాక టెస్టోస్టెరాన్ మళ్లీ తొమ్మిది వందలు దాటింది. స్టేజీ మీద నరాలు తేలి కనిపించే రోజున ఆ మనిషి టెస్టోస్టెరాన్ మీదానికన్నా తక్కువ.

నిద్ర. మీరు అమెరికా క్లయింటు కాల్స్ వల్ల రాత్రి రెండింటికి పడుకుని ఏడింటికి లేస్తున్నానని రాశారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన వాక్యం అదే, మీరేమో చివర్లో ఒక ముక్కలో రాసి వదిలేశారు. షికాగో యూనివర్సిటీలో కుర్రాళ్లని ఒక వారం రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. అక్కడే ఇంకో అధ్యయనంలో ఒకే తక్కువ క్యాలరీల తిండి మీద రెండు వారాలు ఉంచారు. బరువు రెండు విధాలా మూడు కేజీల చొప్పున తగ్గింది. ఎనిమిదిన్నర గంటలు పడుకునే అవకాశం ఇచ్చినప్పుడు అందులో కొవ్వు 1.4 కేజీలు, ఐదున్నర గంటలు మాత్రమే ఇచ్చినప్పుడు 0.6 కేజీలే. మిగతాది కొవ్వు కాని బరువు, అంటే కండా నీరూ. మీరు చేస్తున్నది ఆ రెండో పద్ధతి. కాల్స్ మార్చుకోలేకపోతే జిమ్‌ని పొద్దున నుంచి సాయంత్రానికి మార్చి, లేచే టైము తొమ్మిదికి జరపండి.

ఇక మీ అసలు సమస్య నాకు కనిపించినంతవరకు. ఇడ్లీ, క్యాంటీన్ మీల్స్, రాత్రి చపాతీ, రోజుకో స్కూపు ప్రొటీన్, వారాంతం బిర్యానీ అన్నారు. ప్రొటీన్ అరవై డెబ్బై గ్రాములు దాటదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి చెప్పే అవసరం కేజీకి 0.83 గ్రాములు. కండ పెంచాలనుకునేవాళ్లకి కేజీకి 1.6 గ్రాముల దాకా లాభం కనిపించింది, అంటే మీకు సుమారు 125. గరిటెడు పప్పులో ఐదారు గ్రాములకి మించి ఉండదు. గుడ్డుకి ఆరు, వంద గ్రాముల చికెన్ బ్రెస్టులో ఇరవై పైన, యాభై గ్రాముల పొడి మీల్ మేకర్‌లో పాతిక. క్యాంటీన్‌లో రెండోసారి అన్నం తగ్గించి వీటిని కలపండి. కిడ్నీ సమస్య లేనివాళ్లకి ఇంతవరకు భయం లేదు.

రెండోది, ఏడాదిగా బెంచ్ ప్రెస్ 50 కేజీల దగ్గరే ఉందని రాశారు. అదే బరువు, అదే రెప్స్ ఏడాది ఎత్తితే చేతులు పెరగడానికి కారణమేముంది? ఒక నోట్‌బుక్ పెట్టండి, వారం వారం ఒక రెప్పో రెండున్నర కేజీలో పెంచండి. బరువు నెలకి కేజీన్నర, రెండు కేజీల కన్నా వేగంగా తగ్గించకండి.

హార్మోన్లనే అనుమానించాల్సినప్పుడు: పొద్దున అంగస్తంభన ఆగిపోవడం, కోరికలు పూర్తిగా తగ్గడం, గడ్డం గీసుకోవాల్సిన అవసరం తగ్గడం, రొమ్ము పెరగడం, వృషణాలు చిన్నవిగా ఉండడం. ఒక కుర్రాడు మీలాగే "బాడీ రావట్లేదు" అని వచ్చాడు. గడ్డం రాలేదు, గొంతు మారలేదు, వాసనలు తెలియవన్నాడు. టెస్టోస్టెరాన్ వంద కూడా లేదు. అది కాల్‌మన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చేది. అతనికి వైద్యం చేయాల్సిందే, చేస్తే నిజంగానే మనిషి మారిపోయాడు. మీరు రాసినవాటిలో ఇవేవీ లేవు.

కాబట్టి మూడు నెలలు తిండీ నిద్రా సరిచేసుకున్నాక, పొద్దున పరగడుపున టోటల్ టెస్టోస్టెరాన్, ఎస్‌హెచ్‌బీజీ, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించండి. అప్పుడు కూడా 264 కన్నా తక్కువ వస్తే, లేదా పై లక్షణాలు ఏవైనా మొదలైతే, దగ్గర్లో ఉన్న ఎండోక్రైనాలజిస్టుకి చూపించండి.

ట్రైనర్‌కి ఎలా చెప్పాలో తెలియట్లేదన్నారు. "డాక్టర్ వద్దన్నారన్నా, పెళ్లి సంబంధాలు చూస్తున్నారు" అని నా మీదకి తోసేయండి. జిమ్ మారాల్సిన పనేమీ లేదు. డెడ్‌లిఫ్ట్ ఫారం బాగా నేర్పిస్తాడని మీరే రాశారు, అది నేర్చుకోండి.